రొయ్యల గుంటల హద్దులు ఏ మ్యాప్ ఫైల్లో పంపాలి: షేప్‌ఫైలా, కేఎంఎల్లా, జియోజేసనా, జియోప్యాకేజా?

మా గుంటల పట్టికలో ఒక కాలమ్ పేరు 'విస్తీర్ణం'. కంటికి మూడే అక్షరాలు: వి, స్తీ, ర్ణం. కంప్యూటర్ లెక్క వేరు. హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కపెడితే పది గుర్తులవుతాయి. అక్షరాల్ని కంప్యూటర్ దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే మొత్తం 30. షేప్‌ఫైల్లో కాలమ్ పేరుకు ఉన్న చోటు 10 బైట్లే. మేం పంపిన ఫైలు అవతల తెరిచేసరికి ఆ కాలమ్ నెత్తిన 'విస' మిగిలింది. పక్కనే కట్టతో కలిపి వేసిన విస్తీర్ణం కాలమూ సరిగ్గా అక్కడే తెగింది. ఏది నీటి విస్తీర్ణమో, ఏది కట్టతో కలిపిందో వాళ్లు ఫోన్ చేసి అడిగితేగానీ తేలలేదు.

నెల్లూరు జిల్లాలో విడవలూరు, ఇందుకూరుపేట వైపు సముద్రం ఒడ్డునున్న రొయ్యల గుంటలు, వాటికి నీళ్లొచ్చే కాలువలు, పక్కనున్న వరి కయ్యలు ఫోన్లతో తిరిగి గుర్తించడం మా పని. ఆ సమాచారం మూడు చోట్లకు పోతుంది: డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ వాడే ఆఫీసుకి, ఒక వెబ్ మ్యాపుకి, గుంట యజమానుల ఫోన్లకి. ముగ్గురూ మూడు రకాల ఫైళ్లు అడుగుతారు. ఎవరికి ఏది మేలో నా అనుభవంలో తేలింది చెబుతాను.

అందరూ ముందు అడిగేది షేప్‌ఫైలే. మ్యాప్ సాఫ్ట్‌వేర్ చేసే ఎస్రి కంపెనీ దాని వివరాలు 1998లో బయటపెట్టింది. తెరవలేని మ్యాప్ సాఫ్ట్‌వేర్ అంటూ దాదాపు లేదు, అదే దాని బలం. కానీ పేరుకి ఒక ఫైలు, నిజానికి ఒక గుంపు. ఆకారం ఎస్‌హెచ్‌పీలో, దాని సూచిక ఎస్‌హెచ్‌ఎక్స్‌లో, పట్టిక డీబీఎఫ్‌లో, ఏ కొలమానంలో (అంటే భూమి మీద చోటుని ఏ లెక్కతో గుర్తించి) గీశామన్నది పీఆర్‌జేలో ఉంటాయి. ఒకసారి మాకు వాట్సాప్‌లో ఎస్‌హెచ్‌పీ ఒక్కటే వచ్చింది. హద్దులున్నాయి, అవి ఎవరివో లేదు. పీఆర్‌జే తప్పిపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఫైలు మామూలుగానే తెరుచుకుంటుంది. పాత టోపో షీట్ల మీద ఎవరెస్ట్ అనే పాత సర్వే లెక్కలో గీసిన హద్దుని, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 లెక్క అనుకుని వేస్తే మన వైపు వంద మీటర్లకు పైగా జరుగుతుంది. గుంట పోయి పక్కవాళ్ల కయ్యలో పడుతుంది.

డీబీఎఫ్ 1980ల నాటి డీబేస్ పట్టిక. ఒక గడిలో 254 బైట్లకు మించి పట్టదు. తెలుగులో అది 84 గుర్తులు, అంటే రెండు వాక్యాలు రాస్తే నిండిపోతుంది. అంతకన్నా నన్ను బాధపెట్టేది ఖాళీ గడి. కొలవని గుంట దగ్గర లోతు ఖాళీగా వదిలితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని సున్నా చేసేస్తాయి. 'కొలవలేదు' అన్నది 'లోతు లేదు' అయిపోతుంది, సగటు లెక్కలన్నీ తప్పుతాయి. ఇంగ్లీషులో చిన్న చిన్న పేర్లతో నడిపేవాళ్లకి షేప్‌ఫైలు ఇప్పటికీ పనికొస్తుందేమో. తెలుగులో రాసేవాళ్లు దాన్ని వదిలేయాలి. ఈ మాట నేను మొహమాటం లేకుండా చెబుతాను.

సీఎస్‌వీ అంటే ఎక్సెల్లో తెరుచుకునే పట్టిక. బోర్లు, మోటార్ల లాంటి చుక్కలకి చాలు, హద్దులకి కాదు. చుక్కలు పంపినా రెండు జాగ్రత్తలు. సర్వే నంబరు 12/3 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. సేవ్ చేశాక అసలు నంబరు తిరిగి రాదు. రెండోది, డిగ్రీలు నిమిషాల్లో రాసుకున్న 14 డిగ్రీల 26 నిమిషాలను 14.26 అని కొట్టడం. అది 14.4333 అవ్వాలి. తేడా 19 కిలోమీటర్లు. నెల్లూరు టౌన్లో ఉండాల్సిన చుక్క అంత దూరం దక్షిణాన పడుతుంది.

కేఎంఎల్‌లో 'కే' కీహోల్ అనే కంపెనీ పేరులోది. ఆ కంపెనీని గూగుల్ 2004లో కొన్నది, 2008లో కేఎంఎల్ మ్యాప్ సమాచారానికి ప్రమాణాలు ఖరారు చేసే ఓజీసీ సంస్థ ప్రమాణం అయింది. ఫోన్లో తాకగానే గూగుల్ ఎర్త్‌లో ఉపగ్రహ చిత్రం మీద తన గుంట కనపడుతుంటే యజమాని ముఖం చూడాలి. 'ఇదిగో సార్, ఈ మూల కట్ట మేం మొన్ననే జరిపాం' అని వేలు పెట్టి చూపిస్తాడు. అలా దిద్దిన హద్దులు మాకు చాలా ఉన్నాయి. అందుకే చూపించడానికి కేఎంఎల్‌ని మించింది లేదు. లెక్కలు మోయడానికి మాత్రం పనికిరాదు. మార్చేటప్పుడు కాలమ్‌లన్నీ తరచు ఒకే వివరణ పెట్టెలో కలిసిపోతాయి, అంకెలు అక్షరాలైపోతాయి. తిరిగి పట్టికగా విడదీయాలంటే సగం రోజు పోతుంది.

జియోజేసన్ వెబ్ వాళ్లది. 2008లో కొందరు డెవలపర్లు కలిసి రాసుకున్నది, 2016లో ఇంటర్నెట్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 7946గా స్థిరపడింది. మామూలు అక్షరాల ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. తెలుగు కాలమ్ పేర్లు ఎంత పొడవున్నా తెగవు. కొలమానం ఒక్కటే, డబ్ల్యూజీఎస్84, కాబట్టి పీఆర్‌జే గొడవ లేదు. ఇందులో అందరూ పడే గుంత అంకెల వరస. మనం నోటితో లాట్-లాంగ్ అంటాం, అక్షాంశమే ముందు చెబుతాం. జియోజేసన్‌లో రేఖాంశం ముందు: నెల్లూరు అంటే 79.98, తర్వాత 14.44. తిప్పి రాస్తే ఆ చుక్క స్వాల్‌బార్డ్ దీవుల పక్కన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. అంత దూరం పోతే ఎవరైనా పట్టేస్తారు, అది మన అదృష్టం.

మరో రెండు సంగతులు. నాలుగు మూలల గుంటకి అయిదు బిందువులు రాయాలి, చివరిది మొదటిదే అయ్యి హద్దు మూసుకోవాలి. దశాంశం తర్వాత ఆరు అంకెలు చాలు. ఆరో అంకె విలువ దాదాపు 11 సెంటీమీటర్లు. ఫోన్ జీపీఎస్ మీటర్లలో తప్పుతుంటే పద్నాలుగు అంకెలు పంపడం ఫైలుని బరువెక్కించడమే. జియోజేసన్ డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి ఎకరాలు నేరుగా రావు. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తరం జోన్‌లోకి మార్చి కొలవాలి. నెల్లూరు, ప్రకాశం రెండూ ఆ ఒక్క జోన్‌లోనే ఉన్నాయి.

జీఎంఎల్ అనే మరో రకం మ్యాప్ ఫైలు గురించి ఒక్క ముక్క: పెద్ద సంస్థల మధ్య, కాలమ్‌ల నియమాలన్నీ ముందే రాసుకున్న చోట అది గట్టిది. మా లాంటి చిన్న బృందానికి బరువు.

జియోప్యాకేజ్ 2014లో ఓజీసీ ప్రమాణంగా వచ్చింది. లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ 2018లో 3.0 వచ్చినప్పటి నుంచి దీన్నే మొదటి ఎంపికగా పెట్టింది. గుంటలు, కాలువలు, బోర్లు ఒకే ఫైల్లో వేర్వేరు పొరలుగా కూర్చుంటాయి. తెలుగు తెగదు, ఖాళీ ఖాళీగానే ఉంటుంది, కొలమానం లోపలే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: క్యూజీఐఎస్‌లో తెరిచి ఉండగా పక్కన డబ్ల్యూఏఎల్ అనే తోడు ఫైలు పుడుతుంది. ప్రాజెక్టు మూయకుండా కాపీ తీస్తే ఆ పూట చేసిన మార్పులు దాంట్లోనే ఉండిపోవచ్చు. మూసి, ఆ తోడు ఫైలు పోయిందని చూసి, అప్పుడు పంపండి.

కాబట్టి నా తీర్పు ఇది: ఆఫీసుకి జియోప్యాకేజ్, వెబ్ మ్యాపుకి జియోజేసన్, యజమానికి చూపించడానికి కేఎంఎల్. అసలు కాపీ ఒక్కటీ జియోప్యాకేజ్‌లోనే ఉంచుకుని మిగతావి దాంట్లోంచి తీయాలి.

అయితే ఫైలు కుదిరినా లోపలి మాట కుదరకపోతే పని చెడుతుంది. విస్తీర్ణం 50 అని రాస్తే దేనిలో 50? నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. అందుకే మా కాలమ్ పేరు ఇప్పుడు 'విస్తీర్ణం_చదరపు_మీటర్లు'. ఊరి పేర్లూ అంతే. ఇంగ్లీషులో ఒక వి తగ్గితే గోదావరి ఒడ్డు కొవ్వూరు పెన్న ఒడ్డు కోవూరు అవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. పేరుని బట్టి కలిపిన మా పాత పట్టికలు ఆ రోజుతో పొసగడం మానేశాయి. ఇప్పుడు ప్రతి గుంట పక్కనా కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక్కో ఊరికి ఇచ్చే ఎల్జీడీ కోడ్ ఒక కాలమ్, కొలిచిన తేదీ ఒక కాలమ్ పెడుతున్నాం. కందుకూరు వైపు పాత పట్టికలకి ఆ కోడ్‌లు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాం.