బాథరీనా, ఆరా న్వారా? బ్లాక్, థ్రాష్ కలిసిన తొలి ఆల్బమ్‌లలో ఏది మేలు?

హెవీ మెటల్ సంగీతంలో రెండు శాఖలైన బ్లాక్ మెటల్, థ్రాష్ మెటల్ కలిస్తే ఎలా ఉంటుందో వినాలనుకునేవాళ్లకి నేను రెండు తొలి ఆల్బమ్‌లు చెబుతాను. ఒకటి స్వీడన్ బ్యాండ్ బాథరీ 1984లో తమ పేరుతోనే తెచ్చింది. రెండోది నార్వే బ్యాండ్ ఆరా న్వార్ 1996లో తెచ్చిన 'బ్లాక్ థ్రాష్ అటాక్'. రెండూ నాకు ప్రాణం. కానీ ముందు ఏది వినాలని అడిగితే నా జవాబు మాత్రం ఒక్కటే.

అది చెప్పేముందు గిటార్ వాయించేవాళ్ల కుడిచేతిని దగ్గరగా చూడాలి. థ్రాష్‌లో అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలకు ఆని ఉంటుంది. అందుకే శబ్దం సాగదు, సుత్తి దెబ్బల్లా తెగిపడుతుంది. బ్లాక్ మెటల్‌లో ఆ చెయ్యి పైకి లేస్తుంది. తీగలు మీటే పిక్ మాత్రం కిందికీ పైకీ ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, తేనెతుట్టె కదిపినట్టు హోరు పుడుతుంది. ఒకటి తెంపే పని, ఇంకోటి సాగదీసే పని. రెండిటినీ ఒకే పాటలో నిలబెట్టడమే కష్టం.

బాథరీ రికార్డ్ చేసేనాటికి ఆ కష్టం ఎవరికీ తెలియదు. థ్రాష్ బ్యాండ్ మెటాలికా తొలి ఆల్బమ్ వచ్చి ఏడాది కూడా కాలేదు. బ్లాక్ మెటల్ అంటే ఇంగ్లండ్ బ్యాండ్ వెనమ్ 1982లో తెచ్చిన ఆల్బమ్ పేరు, అంతే. బాథరీ గాయకుడు, గిటారిస్ట్ క్వార్థన్‌కి 18 ఏళ్లు. స్టాక్‌హోమ్‌లో గ్యారేజీని మార్చి చేసిన స్టూడియో. మొత్తం అరగంట కూడా ఉండదు, అందులో మొదటి మూడు నిమిషాలూ గాలి హోరే. ఆ తర్వాత గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. అట్ట మీది మేకను బంగారు రంగులో వేయించాలనుకుంటే ఖర్చుకి భయపడి, చివరికి పసుపు రంగులో అచ్చయింది. ఇప్పుడు ఆ మొదటి ముద్రణ కోసం రికార్డులు సేకరించేవాళ్లు ఎంతైనా పెడతారు.

అయితే ఇందులో రిఫ్‌లు, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసలు, పొగలో కలిసిపోతాయి. వేగం ఉంది, భయం ఉంది. థ్రాష్‌లోని ఆ తెగిపడే దెబ్బ మాత్రం చెవికి అందీ అందనట్టే ఉంటుంది.

ఆరా న్వార్ దారి వేరు. 1996 నాటికి నార్వే బ్లాక్ మెటల్‌లోకి కీబోర్డులు, సింఫనీ హంగులు వచ్చి చేరుతున్నాయి. ఆరా న్వార్‌లోని అపోలియన్, అగ్రెసర్ మాత్రం పాత పద్ధతి వైపు వెనక్కి తిరిగారు. ఇద్దరూ పాడతారు, ఇద్దరూ వాద్యాలు మార్చుకుంటూ వాయిస్తారు. గిటార్‌కి నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ మేహెమ్ నుంచి బ్లాస్ఫెమర్ తోడయ్యాడు. నాకు గిటార్ మీద నాలుగు రిఫ్‌లు వచ్చు, అందుకే నాకు ముందు వినిపించేది చెయ్యే: ఆని ఉన్న అరచెయ్యి ఎక్కడ లేచిందో, మళ్లీ ఎక్కడ వాలిందో ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. హోరు ముసురుకుంటున్నంతలో డ్రమ్స్ నడక మారుతుంది, రిఫ్ తెగుతుంది, మెడ దానంతటదే ఊగుతుంది. బ్లాక్ మెటల్ చలి చలిగానే ఉంది, థ్రాష్ సుత్తి సుత్తిగానే ఉంది.

మరి 1985లో జర్మనీలోని ఎస్సెన్ కుర్రాళ్లు, క్రియేటర్, తెచ్చిన 'ఎండ్‌లెస్ పెయిన్' సంగతి? గొప్ప ఆల్బమే. గిటారిస్ట్ మిల్లే, డ్రమ్మర్ వెంటోర్ పాటలు పంచుకుని పాడతారు, వెంటోర్ గొంతులో బ్లాక్ మెటల్ ఛాయ గట్టిగా ఉంది. కానీ నా లెక్కలో అది థ్రాష్ ఆల్బమే.

కాబట్టి కలయిక కోసమైతే ముందు ఆరా న్వారే వినండి, అందులో సందేహం లేదు. స్లేయర్, మెటాలికా విని పెరిగిన చెవికి అది వెంటనే పడుతుంది కూడా. వారం పోయాక, ఇంట్లో అందరూ పడుకున్న రాత్రి హెడ్‌ఫోన్స్‌లో బాథరీ పెట్టండి. పగలు స్పీకర్‌లో వింటే ఆ గాలి హోరు ఫ్యాన్ చప్పుడులో పోతుంది. ఆ హోరు ఆగాక వచ్చే మొదటి పాట పేరు 'హేడీస్'. ఆరా న్వార్ ఆల్బమ్‌లో మొదటి పాట పేరు 'సన్స్ ఆఫ్ హేడీస్'. నాకైతే అది పన్నెండేళ్ల తర్వాత కొడుకులొచ్చి తండ్రికి దణ్ణం పెట్టినట్టే వినిపిస్తుంది.