ఇంజిన్‌ఎక్స్ వెనుక వెబ్‌సాకెట్: మూడేళ్లు వాడాక

మా చాట్ అప్లికేషన్ ముందు ఇంజిన్‌ఎక్స్ (nginx) అనే వెబ్ సర్వర్‌ను ప్రాక్సీగా, అంటే యూజర్లకూ మా సర్వర్లకూ మధ్యవర్తిగా పెట్టి మూడేళ్లు దాటింది. వెబ్‌సాకెట్ కనెక్షన్లన్నీ (బ్రౌజర్, సర్వర్ ఎప్పుడైనా సందేశాలు పంపుకునేలా తెరిచి ఉండేవి) దాని మీదుగానే వెనకున్న నోడ్ (Node.js) సర్వర్లకు వెళ్తాయి. సెటప్ అరగంటలో అయిపోయింది. దాని తీరు అర్థం కావడానికి మాత్రం నెలలు పట్టింది.

మొదటి రోజు పేజీ వచ్చింది కానీ చాట్ కనెక్ట్ కాలేదు. మామూలు హెచ్‌టీటీపీ కనెక్షన్‌ను వెబ్‌సాకెట్‌గా మార్చమని అడిగే అప్‌గ్రేడ్, కనెక్షన్ అనే హెడర్లను (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచారపు లైన్లను) ప్రాక్సీ తనంతట తాను వెనక సర్వర్‌కు పంపదు. హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 అని కాన్ఫిగ్‌లో రాసి, ఆ రెండు హెడర్లనూ మనమే పెట్టాలి. అది చేశాక బ్రౌజర్‌లో 101, అంటే ఆ మార్పు కుదిరిందనే కోడ్ కనిపించింది. ఇంజిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో (వచ్చిన అభ్యర్థనల చిట్టాలో) మాత్రం వెంటనే వెతకకండి, కనెక్షన్ మూసుకున్నాకే అక్కడ ఆ లైన్ పడుతుంది. ఇది తెలియక నేను చాలాసేపు లాగ్ చూస్తూ కూర్చున్నాను.

అసలు టెన్షన్ పెట్టింది 60 సెకన్ల సమస్య. ఎవరూ ఏమీ టైప్ చేయకపోతే సరిగ్గా నిమిషానికి కనెక్షన్ తెగిపోయేది, బ్రౌజర్ 1006 (ముగింపు సందేశం లేకుండా తెగిందనే కోడ్) అని చూపేది. ప్రాక్సీ రీడ్ టైమౌట్ డిఫాల్ట్ విలువ అదే. కనెక్షన్ మొత్తం ఎంతసేపు ఉండాలో చెప్పే లెక్క కాదది. వెనక సర్వర్ నుంచి ఏమీ రాకుండా ఎంతసేపు ఆగాలో చెప్పేది. చాలామందిలాగే నేనూ దాన్ని ఒక రోజుకు పెంచేశాను. తెగడం ఆగింది. కానీ నెట్‌వర్క్ పోయిన ఫోన్ల తాలూకు చచ్చిన కనెక్షన్లు గంటల తరబడి పేరుకుపోయాయి. ఇప్పుడు టైమౌట్‌ను మళ్లీ 60కి తెచ్చి, నోడ్ నుంచి 25 సెకన్లకోసారి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) పంపిస్తున్నాం. దానికి జవాబుగా పాంగ్ రాకపోతే నోడే మూసేస్తుంది. మూడేళ్లలో చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

రీలోడ్ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. కాన్ఫిగ్ మార్చి రీలోడ్ చేస్తే కొత్త వర్కర్లు (కనెక్షన్లను నడిపే ఇంజిన్‌ఎక్స్ ప్రాసెస్‌లు) వస్తాయి, పాతవి మాత్రం తమ దగ్గరున్న సాకెట్లు మూసుకునేదాకా పోవు. రోజుకు నాలుగు రీలోడ్లు చేసిన వారంలో మెమరీ మొత్తం పాత వర్కర్లే తినేశాయి. వర్కర్ షట్‌డౌన్ టైమౌట్ పెడితే గడువు దాటిన కనెక్షన్లను అదే మూసేస్తుంది. అయితే అలా తెగిన వాళ్లంతా ఒక్కసారిగా తిరిగి కనెక్ట్ అవ్వబోతారు. అందుకని క్లయింట్ కోడ్‌లో ఒక్కొక్కరూ ఒక్కో వ్యవధి ఆగేలా రాండమ్ విరామం పెట్టండి.

ఒక్కో వర్కర్ గరిష్ఠంగా ఎన్ని కనెక్షన్లు తెరవొచ్చో చెప్పే వర్కర్ కనెక్షన్ల లెక్క కూడా చూసుకోవాలి. ఒక్కో సాకెట్‌కు యూజర్ వైపు ఒకటి, వెనక సర్వర్ వైపు ఒకటి, మొత్తం రెండు ఖర్చవుతాయి. డిఫాల్ట్‌గా ఉన్న 512తో ఒక్కో వర్కర్‌కు 256 మంది కూడా పట్టరు.

ఒక అసంతృప్తి మిగిలింది. కొత్త కనెక్షన్లను సర్వర్లకు వంతులవారీగా పంచే మామూలు రౌండ్ రాబిన్‌లో, రీస్టార్ట్ అయిన నోడ్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది, పాత కనెక్షన్లు ఉన్నచోటే ఉండిపోతాయి కాబట్టి. తక్కువ కనెక్షన్లున్న సర్వర్‌కే పంపే లీస్ట్ కనెక్షన్ పద్ధతికి మారాక కొత్తగా వచ్చేవాళ్లు ఖాళీ నోడ్‌కు వెళ్తున్నారు, కానీ పాతవాళ్లు కదలరు. అందుకే నోడ్‌లను ఒక్కొక్కటిగా, రద్దీ లేని వేళల్లోనే రీస్టార్ట్ చేస్తున్నాం.