కర్రసాము కర్ర: నాలుగేళ్ళు తిప్పాక

విజయనగరంలో కర్రసాము నేర్చుకుందామనుకునేవాళ్ళు ముందు గురువు కోసం వెతుకుతారు. కర్ర సంగతి చాలామంది పట్టించుకోరు, ఏది దొరికితే అది పట్టుకుని దిగిపోతారు. సరిపడని కర్రతో ఆరు నెలలు తిప్పితే మణికట్టు, మోచెయ్యి పాడవుతాయి. తప్పు అలవాటైన చేతిని తర్వాత దారికి తేవడం ఇంకా కష్టం. గట్టి వెదురు, బెత్తం, పీవీసీ గొట్టం ఈ మూడింటినీ ఇక్కడి ఉక్కలో, వానలో, మట్టినేల మీద నాలుగేళ్ళు వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది.

మొదట కొలత. కర్రను పక్కన నిలబెడితే కొస కనుబొమ దాకా రావాలి. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి సుమారు 5 అడుగుల 2 అంగుళాలు. కొందరు గురువులు చెవిదాకా చాలంటారు, కొందరు నుదురుదాకా ఉండాలంటారు. ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ళ కొలతే పాటించాలి, ఎందుకంటే సాములో వేసే అడుగుల మధ్య దూరం ఆ కొలతను బట్టే ఉంటుంది. లావు అంగుళం నుంచి అంగుళంపావు. పిడికిలి బిగిస్తే బొటనవేలు మధ్యవేలి గోరు మీద పడాలి. బరువు 550 నుంచి 650 గ్రాములుంటే గంటసేపు తిప్పినా భుజం లాగదు. 800 దాటితే మొదటి నెలలోనే మోచేతి బయటి వైపు నొప్పి మొదలవుతుంది.

మూడింటిలో వెదురుకే మొదటి స్థానం. కానీ నిచ్చెనలకు వాడే బోలు బొంగు పనికిరాదు. లోపల బోలు చిటికెనవేలు కూడా పట్టనంత సన్నగా ఉండి, కణుపులు దగ్గరదగ్గరగా ఉన్న రకం కావాలి. మేదర వీధిలో కర్రసాముకని చెప్పి అడిగితే వాళ్ళే ఏరి ఇస్తారు. తీసుకునేముందు కర్రను జానెడు ఎత్తునుంచి నిలువుగా సిమెంటు గచ్చు మీద వదలండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే ఎక్కడో చీలిక ఉన్నట్టు, లేదా ఇంకా పచ్చిగా ఉన్నట్టు. తర్వాత వేలి మీద అడ్డంగా నిలబెట్టి తూకం చూడండి. వెదురుకు మొదలు లావు, కొస సన్నం కాబట్టి తూకం మొదలు వైపు జరగడం మామూలే. అది నడిమికి నాలుగు వేళ్ళ దూరం దాటితే మాత్రం రెండు చేతుల తిప్పుడులో కర్ర ఊగుతుంది.

కొత్త కర్రను వెంటనే తిప్పకూడదు. పచ్చి వెదురులో పిండిపదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు వచ్చేది దానికోసమే. మూడు వారాలు చెరువు నీళ్ళలో ముంచి ఉంచితే అది చాలావరకు పోతుంది. వాసన మాత్రం భరించాలి. తర్వాత నీడలో, నేలకు తగలకుండా అడ్డంగా ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైతోలు ముందు బిగుసుకుని నిలువునా చీలుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి వంటింటి త్రాసు చాలు: వారానికోసారి తూచి రాసుకోండి. వరసగా రెండు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టే. వానాకాలంలో రెండు నెలలు దాటినా ఆరకపోవచ్చు, అందుకే ఈ పని సంక్రాంతి తర్వాత పెట్టుకోవడం మేలు.

వంకర తీయాలంటే కణుపు దగ్గర సెగ చూపించి, వేడిగా ఉండగానే మోకాలికి ఆనించి వంచి, తడిగుడ్డ చుట్టి చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ఒకేచోట సెగ నిలపొద్దు. బోలున్న కర్రలో గాలి కణుపుల మధ్య చిక్కుకుని వేడికి వ్యాకోచించి టపాకాయలా పేలుతుంది, పెచ్చులు కంట్లో పడే ప్రమాదం ఉంది. చివరగా అవిసె నూనె గుడ్డతో పలచగా రుద్ది, గంట తర్వాత పొడిగుడ్డతో తుడిచేయాలి. కొబ్బరినూనె రాస్తే జిడ్డు చేతికి అంటి పట్టు జారుతుంది.

నాలుగేళ్ళలో మూడు వెదురు కర్రలు పోయాయి. రెండు కొస దగ్గర చీలాయి, ఒకటి పుచ్చిపోయింది. పుచ్చు ఆనవాలు గోడవారన కనబడుతుంది: కర్ర ఆనించిన చోట గోధుమపిండిలాంటి పొడి, కర్ర మీద ఆవగింజంత చిల్లులు. అలాంటి కర్రను జంట సాధనకు వాడొద్దు, దెబ్బ తగిలిన చోటే విరుగుతుంది. కొసలు చీలకుండా మైనం పట్టించిన నూలుదారం రెండంగుళాల మేర బిగించి చుడితే చాలు. కొసకు తొడిగే ఇత్తడి పొన్ను చూడముచ్చటగా ఉంటుంది, ఊరేగింపుకు బాగుంటుంది కూడా. కానీ కొసన బరువు పెరిగి దెబ్బ తీవ్రత ఎక్కువవుతుంది. ఎదుటి మనిషితో సాధన చేసేటప్పుడు పొన్ను కర్ర తేకూడదు.

బెత్తం జంట సాధనకు మంచిది. వంగుతుంది, విరిగినా పీచు లేస్తుంది తప్ప ముల్లులా గుచ్చుకోదు. అయితే పొడవైనది నిటారుగా దొరకడం అరుదు. పీవీసీ గొట్టం పిల్లలకు మొదటి నెల వరకే. ఏడాది ఎండలో ఉంటే పెళుసెక్కి పెచ్చులుగా పగులుతుంది.

గురువును చూసుకునేటప్పుడు కూడా కర్రనే గమనించండి. పదేళ్ళ పిల్లాడికీ పాతికేళ్ళ యువకుడికీ ఒకే పొడవు కర్ర ఇచ్చే చోట చేరకండి. మొదటి వారాల్లో కర్ర పక్కన పెట్టించి అడుగులు వేయించే చోటు మంచిది. పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం జరుగుతుంది. ఆ ఊరేగింపులో సాము చేసే బృందాలను చూసి, తర్వాత వాళ్ళు సాధన చేసే చోటికి మామూలు రోజున వెళ్ళండి. పండగనాటి వేగం చూసి అక్కడే నిర్ణయం తీసుకోవద్దు.

చరిత్ర అడిగితే చాలాచోట్ల బొబ్బిలి యుద్ధం నుంచి మొదలుపెడతారు. 1757 జనవరి 24న జరిగిన ఆ పోరులో బుస్సీ దొర ఫ్రెంచి దళం ఫిరంగులతో కోటను ముట్టడించింది. ఆ యుద్ధం పేరు చెప్పినంత మాత్రాన నేటి కర్రసాము వరసకు అది ఆధారం కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు పేరూ అలాగే చెబుతుంటారు, ఆయన ఖ్యాతి ముఖ్యంగా బలప్రదర్శనలది. పాత కాగితాలు వెతికేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అంతకుముందువి ఎక్కువగా విశాఖపట్నం జిల్లా పేరున ఉంటాయి, బొబ్బిలి లాంటి చోట్లవి 1950 నుంచి 1979 దాకా శ్రీకాకుళం జిల్లా పేరున ఉంటాయి. శ్రీకాకుళం పట్టణానివి 1936 దాకా గంజాం జిల్లా కింద, చికాకోల్ అనే పేరుతో దొరుకుతాయి.

కాగితాలకన్నా ముందు పెద్దవాళ్ళను అడగాలి. మీ గురువుగారి గురువుది ఏ ఊరు, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఈ అడుగును మీ చిన్నప్పుడు ఏమనేవారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును సరిదిద్దకుండా వాళ్ళు పలికినట్టే రాసుకుని, ఆ అడుగును పక్కనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి వీడియో తీసుకోండి.