బాంబెర్గ్: బీరు ఊళ్ళో తాగనివాళ్ళను ఎలా చూస్తారు?

బీరు తాగే చోటుకు మార్కులేసేటప్పుడు అందరూ బీరునే చూస్తారు. నేను ఈసారి సగం మార్కులు వేరేదానికి పెట్టాను. మా ఆవిడ తాగదు, మాంసం తినదు. మాతో పాటు వచ్చి కూర్చున్న ఆ మనిషిని ఎలా చూశారు అన్నదానికే ఆ సగం. ఇంత పట్టింపు రావడానికి కారణం జర్మనీలోని బాంబెర్గ్‌లో నది పక్క రెస్టారెంట్ ఒకటి మా చేతిలో పెట్టిన 63 యూరోల 70 సెంట్ల బిల్లు.

మేం ఉండేది బవేరియా రాష్ట్రంలోని ఎర్లాంగెన్‌లో. బాంబెర్గ్ అక్కణ్ణించి లోకల్ రైల్లో గంటలోపే. హైదరాబాద్ నుంచి మా బావమరిది వచ్చాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం, వీకెండ్ వస్తే ఏదో ఒక మైక్రోబ్రూవరీలో తేలే రకం. మ్యూనిక్ ఎవరైనా చూపిస్తారు, వీడికి బాంబెర్గే చూపించాలని నేనే పట్టుబట్టాను. ఎనభై వేల మందికి అటూ ఇటూ ఉండే ఊళ్ళో సుమారు పది బ్రూవరీలు ఉన్నాయి. కొన్ని 1500ల నుంచీ నడుస్తున్నాయి. బీర్లో ఏమేం వేయాలో చెప్పే బవేరియా బీరు శుద్ధి చట్టం 1516లో వచ్చిందని అందరూ చెప్తారు కదా, బాంబెర్గ్ బిషప్ అలాంటి ఉత్తర్వు 1489లోనే ఇచ్చాడు. పాత ఊరంతా యునెస్కో జాబితాలో ఉంది, 1993 నుంచి.

టికెట్ సంగతి ముందే చెప్పేస్తా. దేశంలో లోకల్ రైళ్ళు, బస్సులన్నిటికీ పనికొచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ మేం వెళ్ళిన 2025లో నెలకు 58 యూరోలు. బావమరిదికి కూడా అదే తీసుకున్నాం. అయితే అది నెలనెలా దానంతటదే కొనసాగుతుంది. 10వ తేదీలోపు రద్దు చేయకపోతే తర్వాతి నెల డబ్బులు కూడా కోస్తారు. చుట్టాలకు కొనేవాళ్ళు ఫోన్లో అలారం పెట్టుకోండి.

పొద్దున కెథెడ్రల్, గులాబీ తోట, పాత టౌన్ హాల్ చూశాం. అన్నీ బాగున్నాయి, మా ఆవిడ ఫొటోలు తీసుకుంది. మధ్యాహ్నం ఆకలేసింది. కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ఆ రెస్టారెంట్ పేరు రాయను. నది కనిపిస్తుంది, గొడుగులు, పూలకుండీలు, ఇంగ్లిష్ మెనూ. బోర్డు మీద "బాంబెర్గ్ బీర్లన్నీ ఒకే ట్రేలో" అని రాసుంది. ట్రేలో ఆరు గ్లాసులు, ఒక్కోటి 0.1 లీటరు, ధర 16.90. నాకొకటి, బావమరిదికొకటి చెప్పాం. లెక్కేస్తే అర లీటరు బీరు 14 యూరోల పైమాటే. అదే ఊళ్ళో బ్రూవరీలో అర లీటరు నాలుగు యూరోలకు అటూ ఇటూ వస్తుంది. పైగా ఏ గ్లాసులో ఏ బీరుందో అడిగితే వడ్డించే అబ్బాయికే తెలియదు.

అదంతా సరే, బీరు తాగే మోజు మాది, డబ్బులు మావి. నాకు కోపం వచ్చింది మా ఆవిడ విషయంలో. మాత్ర వేసుకోవాలి, కాసిని పంపు నీళ్ళు ఇస్తారా అని అడిగింది. "ఇవ్వం" అన్నాడు, మొహం కూడా ఇటు తిప్పలేదు. జర్మనీలో పంపు నీళ్ళు ఊరికే ఇవ్వాలన్న రూల్ లేదు, కాబట్టి దాని గురించి వాదించలేం. మెనూ చూసింది. ఆపిల్ జ్యూస్ 0.2 లీటరు 3.60. నీళ్ళ సీసా 0.75 లీటరు 7.90. అందులో చవకైన బీరేమో అర లీటరు 4.60. అంటే లీటరుకు బీరు 9.20, నీళ్ళు 10.50 పైన, జ్యూస్ 18. మెనూలో మద్యం కాని వాటిలో లీటరు లెక్కన అన్నిటికన్నా చవక ఆ నీళ్ళే!

ఇది అన్యాయమే కాదు, చట్టవిరుద్ధం కూడా. ఇక్కడి గాస్ట్‌స్టేటెన్ చట్టం (హోటళ్ళ, బార్ల చట్టం) 6వ సెక్షన్ ప్రకారం, మద్యం అమ్మే ప్రతి చోటా మద్యం లేని పానీయం కనీసం ఒకటైనా, అన్నిటికన్నా చవకైన మద్యం ధరను మించకుండా ఉండాలి. లీటరు లెక్కన కూడా పోల్చి చూడాలని అందులోనే ఉంది. డబ్బు లేక నీళ్ళు మానేసి బీరు తాగే పరిస్థితి ఎవరికీ రాకూడదని పెట్టిన రూల్ అది. బవేరియాలో ఉన్న మన పిల్లలు, ముఖ్యంగా స్టూడెంట్స్, ఈ సెక్షన్ నంబర్ గుర్తుపెట్టుకోవాలి. నేను మెనూ మీదే లెక్క వేసి చూపించాను. "ధరలు రాసే ఉన్నాయి, మీరు చదివే కూర్చున్నారు" అన్నాడు. అడక్కుండా తెచ్చిపెట్టిన బుట్టలోంచి తిన్న రెండు బ్రెట్సెల్ రొట్టెలకు 3.60, జున్ను ప్లేటు 14.80, బంగాళాదుంప సలాడ్ 11.50. కార్డు మెషీన్ నా ముందు పెట్టి, టిప్పు 10, 15, 20 శాతంలో ఏది నొక్కుతారని చూశాడు. సున్నా నొక్కాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్. "అక్కా, సారీ" అని బావమరిది అంటే, "నువ్వెందుకురా సారీ చెప్పడం, పద" అంది. దగ్గర్లోని షాపులో సీసా నీళ్ళు కొని మాత్ర వేసుకుంది.

ఆ మూడ్‌లోనే ష్లెంకెర్లాకు వెళ్ళాం. డొమినికనర్ వీధిలో చెక్క దూలాల పాత ఇల్లు. 1405 నాటి రికార్డుల్లోనే ఆ ఇంటి ప్రస్తావన ఉంది. ఇక్కడిదే పేరుమోసిన పొగ బీరు, రౌఖ్‌బీర్. బార్లీని మొలకెత్తించాక ఆరబెట్టడానికి కింద బీచ్ అనే చెట్టు కర్ర మండిస్తారు, ఆ పొగ గింజకు పడుతుంది. పూర్వం మాల్ట్, అంటే ఆ మొలకెత్తిన బార్లీ, ఎక్కడైనా నిప్పు మీద ఆరేదే కాబట్టి బీర్లకు పొగ వాసన మామూలే. వేడి గాలితో ఆరబెట్టే పద్ధతి వచ్చాక అందరూ దాన్ని వదిలేశారు. ష్లెంకెర్లా, ష్పెట్సియాల్ ఈ రెండు బ్రూవరీలు మాత్రం ఇప్పటికీ సొంతంగా పొగ మాల్ట్ తయారుచేసుకుంటాయి.

కౌంటర్ మీద చెక్క పీపా, దానికో కుళాయి. గ్యాస్ లేదు, పంపు లేదు, బీరు దాని బరువుకదే దిగుతుంది. మెర్ట్‌సెన్ రకం దాదాపు నల్లగా ఉంటుంది, ఆల్కహాల్ 5.1 శాతం. బావమరిది ఒక గుటక వేసి గ్లాసు కింద పెట్టేశాడు. "బావా, కట్టెల పొయ్యి మీద నీళ్ళు చల్లి ఆర్పినట్టుంది" అన్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వి మూడు వేళ్ళు చూపించాడు. మూడో గ్లాసుకు గానీ నచ్చదని ఇక్కడ అందరూ అనే మాటే. మావాడికి రెండోదానికే నచ్చింది. మూడోది కూడా చెప్పబోతుంటే వాళ్ళక్క చూసిన చూపుకు ఆగాడు.

ఇక్కడ శాకాహారులకు ఒక హెచ్చరిక. మెనూలో బాంబెర్గ్ ఉల్లిపాయ అని ఉంటుంది. పేరు చూసి మోసపోకండి, లోపలంతా మాంసం కూరిందే. వేపుడు బంగాళాదుంపల్లో కూడా పంది మాంసం ముక్కలు పడతాయి. "ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్" అని గట్టిగా చెప్పండి, మాంసం వద్దు, పంది కొవ్వు వద్దు అని. ఓబాట్స్‌డా అనే మెత్తటి జున్ను ముద్ద బాగుంటుంది, కానీ దాన్లో చాలామంది కాస్త బీరు కలుపుతారు. మద్యం అసలే ముట్టనివాళ్ళు అడిగి తీసుకోవాలి. ష్లెంకెర్లాలో అడిగితే ఓపిగ్గానే చెప్పారు, కానీ ఒకటే రద్దీ, నిలబడ్డానికే చోటు లేదు. మా ఆవిడ అరగంటకే లేచింది. బీరుకు పదికి తొమ్మిది, చోటుకు ఆరు.

నాకు ప్రాణం లేచొచ్చింది ష్పెట్సియాల్‌లో. రైల్వే స్టేషన్ నుంచి పాత ఊళ్ళోకి వచ్చే దార్లో, ఓబెరె కోనిగ్ వీధిలో ఉంటుంది. 1536 నుంచి ఉంది. బయట నుంచి చూస్తే మామూలు ఇల్లు, టూరిస్టులు దాటి వెళ్ళిపోతారు. లోపల పొడుగు బల్లలు. ఖాళీ బల్ల కోసం చూడకూడదు, ఎవరి పక్కన ఖాళీ ఉంటే అక్కడ అడిగి కూర్చోవడమే. ష్టమ్‌టిష్ అని బోర్డున్న బల్ల దగ్గర మాత్రం కూర్చోవద్దు, అది రోజూ వచ్చేవాళ్ళది.

వడ్డించే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. మా ఇద్దరికీ బీరు చెప్పాక మా ఆవిడ వైపు తిరిగింది. తాగదని తెలిశాక ఒక్క ప్రశ్న వేయలేదు, మొహం చిట్లించలేదు. ఆపిల్ జ్యూస్‌లో సోడా కలిపిన షోర్లె అర లీటరు గ్లాసులో తెచ్చింది. ఇక్కడ గ్లాసు మీద 0.5 అని సన్నటి గీత ఉంటుంది. బీరు ఆ గీత దాకా ఉండాలి, నురగ దాని పైన. తక్కువైతే మళ్ళీ పోయమని అడిగే హక్కు మనకుంది. ఆవిడ నా గ్లాసు పెడుతూ వంగి గీత చూసింది. నురగ కాస్త దిగిందని తనకు తానే వెనక్కి తీసుకెళ్ళి నింపి తెచ్చింది. షోర్లె గ్లాసు కూడా అలాగే చూసే పెట్టింది! గ్లాసు కింద అట్టముక్క మీద పెన్సిల్‌తో గీతలు పెట్టింది. బీరుకో గీత, షోర్లెకు వేరే గుర్తు. చివర్లో ఆ అట్టముక్కే బిల్లు. మేం ముగ్గురం తిని తాగినదానికి టిప్పుతో కలిపి 45 యూరోలు ఇచ్చాం, మనస్ఫూర్తిగా.

ఇక్కడి పొగ బీరు ష్లెంకెర్లా అంత ఘాటుగా ఉండదు. మొదటిసారి తాగేవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. మా ఆవిడ చీజ్ నూడిల్స్ లాంటి కేజెష్పెట్స్‌లె తిని, వేయించిన ఉల్లిపాయలు ఇంకాస్త అడిగి వేయించుకుంది. ఆ పూట మొదటిసారి నవ్వింది కూడా ఇక్కడే. పదికి పది.

ఎదురుగానే ఫెస్లా, 1649 నాటిది. గేటు లోపల నడవలో నిలబడి తాగడం ఇక్కడి అలవాటు. బావమరిది 8.5 శాతం ఉండే బాంబెర్గేటర్ తీసుకున్నాడు. ఒక్కటి చాలని చెప్పినా విన్లేదు, తర్వాత రైల్లో పడుకునే వచ్చాడు. ఏడు మార్కులు. ఈ రెండు బ్రూవరీల్లోనూ అద్దె గదులున్నాయి, రాత్రి ఉండాలనుకుంటే వాటికే ముందు రాసి అడగండి. ఆగస్టులో జండ్‌కెర్వా జాతర రోజుల్లో మాత్రం గది దొరకడం కష్టం.

మళ్ళీ బాంబెర్గ్ వచ్చినప్పుడు వుండర్‌బుర్గ్ పేటకు వెళ్ళాం. పాత ఊరికి కాస్త దూరం, అందుకే ప్రశాంతం. మార్స్ బ్రాయ్‌లో "అ ఊ" అంటే చాలు, పీపా మూత బిగించకుండా పండించిన బీరు ఇస్తారు. గ్యాస్ తక్కువ, గొంతులోకి మెత్తగా దిగుతుంది. తొమ్మిది. ఎదురుగా కేస్‌మన్ బ్రూవరీలో పిల్స్ అనే లేత రంగు బీరు కూడా మంచిదే.

స్టేషన్‌కు దగ్గర్లో ఎర్ర ఇటుకల పెద్ద భవనం ఉంటుంది, 1879 నాటి వాయర్‌మన్ మాల్ట్ కంపెనీ. దాని ముందు నుంచి పోతుంటే బావమరిది ఆగిపోయాడు. "బావా, ఈ బస్తాల పేరు మా దగ్గర బ్రూవరీలో చూశాను" అన్నాడు. నిజమే, మన దేశంలో కొన్ని మైక్రోబ్రూవరీలు ఈ మాల్ట్ తెప్పించుకుంటాయి. పావు లీటరు బీరుకు హైదరాబాద్‌లో ఎంత తీసుకుంటారో చెప్తే నేను నమ్మలేదు, ఫోన్లో బిల్లు తీసి చూపించాడు.

వెళ్ళేవాళ్ళు చేతిలో నోట్లు ఉంచుకోండి, పాత బ్రూవరీల్లో కార్డు నడవకపోవచ్చు. ట్రేలో చిన్న గ్లాసులు అమ్మే చోటికి వెళ్ళకండి. కూర్చోకముందే మెనూలో నీళ్ళ ధర, బీరు ధర రెండూ చూడండి. ఎండ బాగున్న సాయంత్రమైతే ష్పెట్సియాల్ వాళ్ళదే గుట్ట మీద కెల్లర్ తోట ఉంది, చెట్ల కింద కూర్చుంటే కెథెడ్రల్ నాలుగు గోపురాలూ కనిపిస్తాయి. ఆరు గంటల్లోపు వెళ్తేనే ఆ వైపు బల్ల దొరుకుతుంది.