పాప ప్రీస్కూల్లో ఉన్న గంటలకు చైల్డ్‌మైండర్‌కి డబ్బు కట్టాలా? చాలాకాలం ఈ ఏర్పాటు వాడాక నా మాట

ఇంగ్లండ్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే మనవాళ్ల ఇళ్లలో, మూడేళ్లు నిండిన పిల్లలకు తరచూ కుదిరే ఏర్పాటు ఇది. పొద్దున 8కి చైల్డ్‌మైండర్ ఇంట్లో, అంటే డబ్బు తీసుకుని తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఆవిడ దగ్గర, దింపుతాం. 9 నుంచి 12 దాకా ప్రీస్కూల్. తీసుకెళ్లేదీ తెచ్చేదీ ఆవిడే. తర్వాత సాయంత్రం ఐదున్నర దాకా మళ్లీ ఆవిడ దగ్గరే. పిల్లలకు ఇది బాగా నప్పుతుంది. పేచీ అంతా బిల్లు దగ్గర: ఆ మూడు గంటలూ పాప అక్కడ లేనప్పుడు డబ్బెందుకు?

నన్నడిగితే సగం రేటు న్యాయం, అదీ ఒక షరతు మీద.

ముందు ఆవిడ ఇబ్బంది చూద్దాం. ఒంటరిగా పనిచేసే చైల్డ్‌మైండర్ ఒకేసారి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఆరుగురికి మించి చూడకూడదు. అందులో బడికి వెళ్లని చిన్నపిల్లలు మామూలుగా ముగ్గురే. ఆ మూడు సీట్లలో మనది ఒకటి. సరిగ్గా 9 నుంచి 12 వరకే కావాలని వచ్చే ఇంకో కుటుంబం దొరకడం కష్టం. పైగా పన్నెండుకు గేటు దగ్గర ఉండాలంటే పదకొండున్నర నుంచే హడావుడి: మిగతా ఇద్దరికీ కోట్లు తొడగాలి, చిన్నవాణ్ణి బగ్గీలో కట్టాలి, వానైనా నడవాలి.

లెక్క కోసం గంటకు 6 పౌండ్లు అనుకుందాం. రోజుకు తొమ్మిదిన్నర గంటలు. మొత్తానికీ కడితే 57 పౌండ్లు. ప్రీస్కూల్ గంటలకు సగం రేటు, అంటే సీటు ఆపి ఉంచినందుకు ఇచ్చే రిటైనర్ కడితే 48. ఉన్న గంటలకే కడితే 39. ఐదు రోజులకు 285, 240, 195. మొదటిదానికీ చివరిదానికీ వారానికి 90 తేడా. ప్రీస్కూల్ నడిచే 38 వారాలకు 3,420 పౌండ్లు. చూసీ చూడనట్టు వదిలేసే మొత్తం కాదు.

ఇక షరతు. రిటైనర్ తీసుకుంటే ఆ సీటు నిజంగా ఖాళీగా ఉండాలి. హీటింగ్ పాడై ప్రీస్కూల్ మూసేసినా, టీచర్ల ట్రైనింగ్ రోజైనా, ఆ పూట పాపను ఉంచుకోవాలి. ఆ గంటలకు మిగతా సగం కూడా కట్టడం సబబే. ఆ సీట్లో పొద్దుటిపూట వేరే పిల్లాణ్ణి పెట్టుకుని మన దగ్గరా రిటైనర్ తీసుకుంటే అది ఒకే సీటును రెండుసార్లు అమ్మడం. కాంట్రాక్టు రాసేటప్పుడే మొహమాటం లేకుండా అడగండి: "ప్రీస్కూల్ లేని రోజు మా పాపకు చోటుంటుందా?" జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే, ఉన్న గంటలకే కడతామనండి. ఒంట్లో బాగాలేని రోజు మాత్రం వేరు. వాంతులు, విరేచనాలైతే ఆగాక 48 గంటలదాకా ఎవరూ రానివ్వరు. రిటైనర్ కట్టినా సెలవు పెట్టాల్సింది మనమే.

ప్రభుత్వ గంటల దగ్గర, అంటే ప్రభుత్వమే డబ్బు కట్టే పిల్లల సంరక్షణ గంటల దగ్గర, ఎక్కువమంది బోల్తాపడతారు. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకిచ్చే వారానికి 30 గంటలకు అర్హత ఉంటే 15 ప్రీస్కూల్‌కి, 15 చైల్డ్‌మైండర్‌కి పంచుకోవచ్చు, ఆవిడ కూడా ఆ పథకంలో ఉంటేనే. పాప ప్రీస్కూల్లో ఉన్న గంటలను ఆవిడ, ఆ డబ్బు ఇచ్చే స్థానిక కౌన్సిల్ దగ్గర క్లెయిమ్ చేయకూడదు. రిటైనర్ మన జేబులోంచే. టర్మ్ మొదట్లో రెండుచోట్లా సంతకం పెట్టే ఫారాల్లో గంటలు కలిపి 30 దాటకుండా చూసుకోండి. దాటితే కౌన్సిల్ ఒకరికి కోత పెడుతుంది, వాళ్లు ఆ బిల్లు మనకు పంపుతారు. మూడు నెలలకోసారి ఆ 30 గంటల అర్హత కోడ్ రీకన్‌ఫర్మ్ చేయడం మరవద్దు. పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయాలు) లేవని భార్యాభర్తలిద్దరి వీసాల మీదా ఉంటే 30 గంటలు రావు; మూడేళ్లు నిండాక అందరికీ ఇచ్చే 15 మాత్రం వస్తాయి. అవి ప్రీస్కూల్‌కే అయిపోతాయి కాబట్టి, చైల్డ్‌మైండర్ ఖర్చంతా సొంతంగా వేసుకోవాలి.

38 వారాలు పోగా మిగిలే 14 వారాల సంగతి కాంట్రాక్టులో విడిగా రాయించుకోండి. అప్పుడు పాప రోజంతా ఆవిడ దగ్గరే, రేటు పూర్తిగా పడుతుంది. ఏడాది మొత్తం కలిపి పన్నెండు సమాన నెలలుగా కడితే ఆగస్టు బిల్లు చూసి గుండె ఆగదు. ప్రీస్కూల్ వాళ్ల పికప్ లిస్టులో ఆవిడ పేరు, పాస్‌వర్డ్ ఉండాలి. లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

పాప రిసెప్షన్‌కి, అంటే బడిలో మొదటి ఏడాదికి, వెళ్లగానే ఈ లెక్క మారిపోతుంది. బడికి ముందూ తర్వాతా, సెలవుల్లోనూ మాత్రమే వచ్చే నాలుగైదేళ్ల పిల్లలను, మొత్తం ఆరుగురు దాటనంతవరకు, ఆ ముగ్గురికి అదనంగా చూసుకోవచ్చని నిబంధనలే ఒప్పుకుంటాయి. సీటు ఆపి ఉంచానన్న మాటకు ఇక చోటు లేదు. కాబట్టి బడి మొదలయ్యే సెప్టెంబర్ నుంచి రిటైనర్ తీసేసి కొత్త కాంట్రాక్టు కావాలని జూలైలోనే, నోటీసు గడువు చూసుకుని, రాతపూర్వకంగా చెప్పండి.