హైదరాబాద్ నుంచి ఢిల్లీకి: ఇల్లు మారిన మూడేళ్లకు నా రివ్యూ

2022 అక్టోబరు 14న మల్కాజ్‌గిరిలో మా సామాను లారీ ఎక్కింది. దిగాల్సింది ఢిల్లీ ద్వారకలో. ప్యాకర్స్ వాళ్లు 42,000 మాట్లాడుకుని ఆరు రోజులన్నారు. పన్నెండు రోజులు పట్టింది. సామాను దిగిన రోజే రాసి ఉంటే కోపం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అందుకే ఇన్నాళ్లు ఆగాను.

ముందు డబ్బుల సంగతి. మేము తీసుకున్నది షేరింగ్ లోడు. అంటే ఒకే లారీలో వేరేవాళ్ల సామానూ ఉంటుంది, మనదాన్ని మధ్యలో గోడౌన్‌లో దించి, వేరే బండికి ఎక్కిస్తారు. దెబ్బలు తగిలేదీ, పెట్టెలు తారుమారయ్యేదీ అక్కడే. నాలుగో రోజు ఫోన్ చేసి, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) లేదని చెక్‌పోస్టులో ఆపారు, ఆరు వేలు పంపండి అన్నారు. టెన్షన్‌లో పంపేశాం. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదని జీఎస్టీ నిబంధనల్లోనే ఉందని తర్వాత తెలిసింది. మీరు మాత్రం పంపకండి.

ఫ్రిజ్, మంచాలు బాగానే వచ్చాయి. 47 పెట్టెల్లో ఒక్కటి రాలేదు. అందులో మా అత్తయ్య ఇచ్చిన ఇత్తడి దీపపు కుందులున్నాయి. జాబితాలో 'పూజ సామాను' అని ఒక్క ముక్కే రాసి ఉండటంతో ఇన్సూరెన్సు పైసా రాలేదు. ప్రతి వస్తువూ పేరు, విలువతో రాయించుకోండి.

ఇక ఆ పన్నెండు రోజులు. అమ్మ చెప్పిందని పసుపు, ఉప్పు, వెంకటేశ్వరస్వామి పటం నా చేతిసంచిలోనే తెచ్చుకున్నాను. గ్యాస్ కనెక్షన్ ఇంకా రాలేదు. ఇండక్షన్ స్టవ్ కొని, దాని మీదే పాలు పొంగించాం. పక్కింటావిడ రెండు దుప్పట్లు, ఒక బకెట్ ఇచ్చింది. దీపావళి రోజులు కాబట్టి వీధి చివర మట్టి ప్రమిదలు అమ్ముతున్నారు. ఒకటి తెచ్చి, పటం గోడకు ఆనించి, నేల మీదే దీపం పెట్టాను.

మొదటి వారమంతా ఆ దీపం ముందు నేను అడిగింది ఒక్కటే: స్వామీ, సామాను చేర్చు. 24న దీపావళి, మర్నాడు సూర్యగ్రహణం. గ్రహణం విడిచాక ఇల్లు కడిగితే పది నిమిషాల్లో అయిపోయింది. స్నానం చేసి దీపం పెట్టి, పిల్లలతో పాటు అక్కడే కూర్చుండిపోయాను. లేచాక గుర్తొచ్చింది, ఆ రోజు సామాను గురించి అడగనే లేదని. భక్తి అంటే మందిరం, కుందులు, వెండి గిన్నెలు అన్నీ అమరి ఉండటమే అనుకునేదాన్ని. పదిహేనేళ్ల కాపురంలో అంత నిమ్మళంగా దేవుడి ముందు కూర్చున్న గుర్తు నాకు లేదు.

లారీ 26న వచ్చింది. తర్వాతి శనివారం మెట్రోలో రామకృష్ణ ఆశ్రమ మార్గ్‌లో దిగి, గోల్ మార్కెట్ దగ్గరి టీటీడీ గుడికి వెళ్లాం. క్యూలో నా వెనకెవరో తెలుగులో పిల్లవాణ్ని కోప్పడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడు పెట్టెలు ఇప్పటికీ విప్పలేదు, అటక మీదున్నాయి. మళ్లీ మారాల్సి వస్తే సగం సామాను అక్కడే ఎవరికైనా ఇచ్చేసి, డబ్బు ఎక్కువైనా విడిగా లారీ మాట్లాడుకుంటాను. పటం మాత్రం చేతిసంచిలోనే.

కుందులు పోయాయని అత్తయ్యకు ఆర్నెల్ల దాకా చెప్పలేకపోయాను. ఆవిడ వచ్చినప్పుడు మట్టి ప్రమిదను చూసి ఏమీ అనలేదు. సంచిలోంచి పత్తి తీసి, అక్కడే కూర్చుని వత్తులు చేయడం మొదలుపెట్టారు.