రైలు ప్రయాణానికి గొడుగు మడత స్ట్రోలర్: తక్కువ ఖర్చులో ఎంతవరకు పనికొస్తుంది?

గొడుగులా నిలువుగా మడిచే ఈ స్ట్రోలర్ (పిల్లలను కూర్చోబెట్టి నెట్టే బండి) బరువు 4 నుంచి 6 కిలోలు. ఒక చేత్తో ఎత్తవచ్చు, ధర తక్కువ. మడిచినా మీటరు పొడవుంటుంది, అదే అసలు చిక్కు. పైన సామాన్ల అరలో పెడితే బయటికి పొడుచుకొస్తుంది, కుదుపుకి జారిపడుతుంది కూడా. సీటు కింద పొడవుగా తోసేయడమే మేలు. మూడు మడతల రకం అరలో చక్కగా ఇముడుతుంది గానీ ఖరీదు బాగా ఎక్కువ. ఏడాదికి రెండు ప్రయాణాలైతే అంత పెట్టక్కర్లేదు.

చక్రాలు చిన్నవి. ప్లాట్‌ఫామ్‌కీ పెట్టెకీ మధ్య సందులో ముందు చక్రం ఇట్టే ఇరుక్కుంటుంది. అందుకే రైలు ఆగకముందే బిడ్డను ఎత్తుకుని, బండి మడిచి సిద్ధంగా ఉండాలి. లోపల నడవలో నెట్టుకెళ్లాలనుకోకండి, చాలా పెట్టెల్లో పట్టదు.

హ్యాండిల్‌కి సంచులు తగిలిస్తే బిడ్డను దించగానే వెనక్కి పడిపోతుంది. బరువు సీటు కింది బుట్టలోనే పెట్టాలి. ప్లాట్‌ఫామ్ మీద ఆగిన ప్రతిసారీ బ్రేకు వేసి, బండిని పట్టాలకు సమాంతరంగా నిలపాలి. నేల వాలుగా ఉంటే అది దొర్లేది పట్టాలవైపే కావచ్చు.

సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటే మడత లాక్, రెండు వెనక చక్రాల బ్రేకులు, బెల్టు బకిల్ చూడండి. గుడ్డ చిరిగితే కుట్టించుకోవచ్చు. లాక్ వదులైతే మాత్రం ఎంత చవకైనా వద్దు.

చాలావాటిలో సీటు పూర్తిగా వెనక్కి వాలదు కాబట్టి ఆరు నెలల లోపు పిల్లలకు ఇది పనికిరాదు. వాళ్లకు ఒంటికి కట్టుకునే క్యారియరే నయం.